కారు షెడ్డులో ఏది తగ్గించుకోవచ్చు?

ప్రశ్న: కారు కోసం ఇనుప షెడ్డు వేయించాలనుకుంటున్నాం. మేస్త్రీ ఇచ్చిన అంచనా కాగితంలో రేకులు, స్తంభాలతో పాటు బేస్ రైలు, ట్రస్, పర్లిన్, బ్రేస్, రిడ్జ్ క్యాప్, యాంకర్ అని ఉన్నాయి. ఖర్చు తగ్గాలంటే బ్రేసులు, కొన్ని యాంకర్లు తీసేయవచ్చని ఆయనే అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ రెండూ తప్ప ఇంకేదైనా తీసేయమనండమ్మా! వెల్డింగ్ పనిలోనే తల నెరిసినవాణ్ణి, చూసిందే చెబుతున్నాను. అందరూ అంచనా కాగితాన్ని రేకు రంగు దగ్గర మొదలుపెట్టి, యాంకర్ల దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు. మీరు కింది నుంచి చదవండి.

కప్పు మీద పడుతుందేమోనని భయపడతాం గానీ, తెరిచి ఉన్న షెడ్డు సాధారణంగా పైకి లేస్తుంది. గాలి కింద దూరి రేకును పైకి నెడుతుంది, కప్పు మీదుగా దాటిపోతూ పైకి లాగుతుంది. ఇంత తేలికైన కట్టడం సొంత బరువుతో నిలవలేదు. దాన్ని నేలకు పట్టి ఉంచేది యాంకరే. కాంక్రీటు గచ్చు అయితే లోపల వ్యాకోచించి బిగుసుకునే బోల్టు వేస్తారు. గచ్చు అంచుకు మరీ దగ్గరగా వేస్తే అంచే పగిలిపోతుంది. మట్టి నేల అయితే మర మాదిరిగా తిరుగుతూ లోపలికి దిగే యాంకర్ కావాలి. ఇనుప చువ్వను సుత్తితో కొట్టి సరే అనిపించుకుంటే, గాలి దాన్ని దిగిన దారినే పైకి పీకుతుంది.

బేస్ రైలు అంటే నేల మీద పొడవునా పరిచే గొట్టం. స్తంభాలు దాని మీదే నిలుస్తాయి. స్తంభాల పైన కప్పు వాలును మోసేది ట్రస్. స్తంభం, ట్రస్ కలిసే మూలలో ఏటవాలుగా బిగించే ముక్క బ్రేస్. చతురస్రాన్ని పక్కకు నెడితే ఒరుగుతుంది, మూలలో త్రిభుజం ఏర్పడితే ఒరగదు. దాని పని అంతే, కానీ అది లేకపోతే షెడ్డు ఊగుతుంది. కారు తలుపుకు తగులుతుందని తీయించేవాళ్ళున్నారు. అది సాధారణంగా తల కంటే ఎత్తున ఉంటుంది, పక్కకు తెరుచుకునే తలుపు అంత పైకి వెళ్ళదు.

పర్లిన్, రిడ్జ్ క్యాప్ రెండూ రాశారంటే రేకు గాడులు కొప్పు నుంచి చూరుకు దిగేలా వేస్తారన్నమాట. మంచిదే. నీళ్ళు, రాలిన ఆకులు జారిపోతాయి. ట్రస్సుల మీద అడ్డంగా వేసే పర్లిన్లకు ఆ రేకును బిగిస్తారు, కొప్పు దగ్గరి సందును రిడ్జ్ క్యాప్ మూస్తుంది. గాడులు అడ్డంగా ఉండే రకానికి పర్లిన్లు లేకుండానే సరిపెడతారు, ధర తక్కువ. మీకు ఖర్చే సమస్య అయితే మార్చుకోవాల్సింది ఇక్కడ. అందం కోసం వేసే అంచు పట్టీలూ మానేయవచ్చు.

గొట్టం గేజి కూడా అడగండి. అంకె తగ్గితే మందం పెరుగుతుంది: 14 గేజి సుమారు 2 మిల్లీమీటర్లు, 12 గేజి 2.6 పైచిలుకు.

బిగింపు రోజున ఒక్కసారి నిచ్చెన ఎక్కి స్క్రూలు చూడండి. తల కింద నల్లటి రబ్బరు వాషరు ఉంటుంది. అది ఇనుప వాషరు అంచుదాకా పరుచుకుంటే బిగింపు సరిగ్గా ఉన్నట్టు. పిండినట్టు బయటికి ఉబ్బితే ఎక్కువైంది, వేలితో తిప్పితే తిరిగితే తక్కువైంది. రెండు చోట్లా నీరు కారుతుంది. డ్రిల్లు చేసినప్పుడు రాలిన ఇనుప రజను కూడా ఆ సాయంత్రమే ఊడ్పించండి, తడిస్తే కొత్త రేకు మీద తుప్పు మరకలు పడతాయి.

ముందు ముందు మూడు పక్కలా మూయించే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. ఒక పక్కే తెరిచి ఉంటే గాలి లోపల చిక్కి ఇంకా గట్టిగా పైకి నెడుతుంది, యాంకర్ల లెక్క మారిపోతుంది.