సమాధానం: తస్సిలిలో గుడారం మేకులు, వెలిసిన బొమ్మలు

ఇసుకలో మేకులు ఊడొస్తున్నాయనీ, అల్జీరియా ఎడారిలోని తస్సిలి నజ్జేర్‌లో రాతిగోడల మీది పాతకాలపు బొమ్మలు మసకగా ఉంటే నీళ్లు చల్లి ఫోటో తీయొచ్చా అనీ అడిగారు కదా.

నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దండి. 1950ల్లో పరిశోధకులు, తర్వాత పర్యాటకులు అలా తడిపే ఎన్నో రంగులు పాడుచేశారు. తలుచుకుంటేనే బాధేస్తుంది. నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి, ఇంటికొచ్చాక డీస్ట్రెచ్‌లో (వెలిసిన రంగుల్ని ఫోటోలో స్పష్టంగా చూపే సాఫ్ట్‌వేర్) వేయండి. కంటికి ఆనని ఎర్రటి గీతలు కూడా తేలతాయి.

ఇక మేకుల సంగతి. పొడి ఇసుక సన్నటి మేకును పట్టి ఉంచదు. మేకుకు బదులు గుడ్డసంచిలో ఇసుక నింపి, మూతి బిగించి గుడారం తాడు దానికి కట్టి, మూరెడు లోతు గుంటలో పాతి తొక్కండి. బరువుకని చుట్టుపక్కల రాళ్లు ఏరకండి, వాటిలో పాతకాలపు రాతి పనిముట్లు కలిసి ఉండొచ్చు. వాగు అడుగున గుడారం అసలే వద్దు: ఎక్కడో ఎగువన వాన పడినా వరద ముంచుకొస్తుంది.