పళ్ళు తెల్లగా ‘చేసుకున్నారా’, ‘చేయించుకున్నారా’?

సందేహం: ఈ మధ్య డెంటిస్టు దగ్గర వైట్‌నింగ్ అయ్యాక, ‘పళ్ళు తెల్లబరుచుకున్నాను’ అని మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాశాను. ‘అంటే నువ్వే ఉప్పు పెట్టి తోముకున్నావా అమ్మా?’ అని మా బాబాయి ఆటపట్టించారు. ఆ క్లినిక్ బోర్డు మీదేమో ‘దంత ధవళీకరణ చేయబడును’ అని ఉంది. ఏది సరైన తెలుగు? పళ్ళు అనాలా, పండ్లు అనాలా?

సమాధానం: మీ బాబాయిగారి మాటలో పస ఉంది. పని ఎవరు చేశారో, ఎవరి కోసమో మన క్రియలోనే తెలిసిపోతుంది. ‘పన్ను పీక్కున్నాడు’ అంటే తన చేత్తోనే పీక్కున్నాడని. ‘పీకించుకున్నాడు’ అంటే డాక్టరు చేత. ‘ఇంచు’ వల్ల మరొకరి చేత అన్న అర్థం, ‘కొను’ వల్ల తన కోసం అన్న అర్థం వస్తాయి. గడ్డం గీసుకోవడం, గీయించుకోవడం కూడా అంతే. ‘తాతయ్య పళ్ళు కట్టించుకున్నాడు’ అని ఇళ్ళలో ఎప్పటినుంచో అంటూనే ఉన్నాం కదా.

డాక్టరు చిగుళ్ళకు తగలకుండా అడ్డుపూత వేసి, 25 నుంచి 40 శాతం దాకా ఉండే ఘాటైన హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్ పళ్ళకు రాస్తే అది చేయించుకోవడమే. అలా కాక, మీ పళ్ళ అచ్చు తీసి, పళ్ళకు తొడుక్కునే ట్రే చేయించి ఇచ్చి, అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ రాత్రిళ్ళు ఇంట్లో పెట్టుకోమన్నారనుకోండి. అప్పుడు ‘తెల్లబరుచుకున్నాను’ అన్న మీ వాక్యానికి వంక పెట్టలేం.

పిలుచు–పిలిపించు లాగా తెల్లబరుచు–తెల్లబరిపించు అనుకోవచ్చు. కానీ అలా ఎవరూ అనరు, నేనూ అనను. ‘తెల్లగా చేయించుకున్నాను’ చాలు. ‘వైట్‌నింగ్ చేయించుకున్నాను’ అన్నా నాకు అభ్యంతరం లేదు. ‘తెల్లబోయాయి’ అని మాత్రం రాయకండి. తెల్లబోయేది ముఖం, అదీ బిల్లు చూశాక.

క్లీనింగ్‌నీ వైట్‌నింగ్‌నీ చాలామంది ఒకటే అనుకుంటారు. పళ్ళ మీద మెత్తగా పేరుకునేది పాచి. అది గట్టిపడితే గార. గార తీయించుకోవడం క్లీనింగ్. దాంతో పైమురికి పోతుందే గాని పంటి అసలు రంగు మారదు. వైట్‌నింగ్‌లో మారేది ఆ రంగే. అదీ సొంత పళ్ళకే. క్యాపులకు, కట్టుడు పళ్ళకు ఆ మందు పనిచేయదు. తర్వాత కొన్నాళ్ళు చల్లనివి తగిలితే పళ్ళు జివ్వుమనవచ్చు. దీన్ని డాక్టర్లు ‘సెన్సిటివిటీ’ అంటారు గాని, పేషెంటుకు ‘జివ్వుమంటుంది’ అంటేనే తొందరగా అర్థమవుతుంది. చింతకాయ తింటే పళ్ళు పులవడం ఇంకొకటి. ఇంత చక్కటి మాటలు దగ్గరుండగా వాటిని వదులుకోవడం దేనికి?

ఇక బోర్డు సంగతి. ‘దంత ధవళీకరణ’లో వ్యాకరణ దోషం లేదు. సంస్కృత పదాల పక్కన ‘దంత’ ఇముడుతుంది: దంతవైద్యుడు, దంతధావనం. తెలుగు క్రియల పక్కన మాత్రం పళ్ళే రావాలి. పళ్ళు కొరుకుతాం, పళ్ళికిలిస్తాం. కోపంలో ‘దంతాలు రాలగొడతా’ అంటే ఎదుటివాడు భయపడడు సరికదా నవ్వుతాడు. నన్నడిగితే అసలు ఇబ్బంది ‘చేయబడును’తోనే. ‘ఇక్కడ పళ్ళు తెల్లగా చేస్తాం’ అని రాస్తే దారిన పోయే ఎవరికైనా తెలుస్తుంది.

పళ్ళు, పండ్లు రెండూ సరైనవే. కన్నుకు కండ్లు, కళ్ళు ఉన్నట్టే పన్నుకు పండ్లు, పళ్ళు. తెలంగాణలో ‘పండ్లు తోముకున్నవా?’ అన్నది ఇంటింటి మాట. తినే పండ్లతో గందరగోళం వస్తుందని భయం అక్కర్లేదు, సందర్భమే చెబుతుంది. పిల్లలు ‘పన్నులు తోముకున్నా’ అంటే మాత్రం సరిదిద్దండి. అవి మునిసిపాలిటీకి కట్టేవి.