రంగుల తెర ఉన్నా గేమ్ గేర్ ఎందుకు గేమ్ బాయ్‌ను మించలేకపోయింది?

తెర ఒక్కటే చూస్తే 1990లో సెగా సంస్థ తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ పరికరం గేమ్ గేర్‌దే పైచేయి. అది రంగులది, వెనుక నుంచి వెలుగు కూడా ఉండేది, కాగా అంతకు ఏడాది ముందు పోటీ సంస్థ నింటెండో విడుదల చేసిన అలాంటి పరికరం గేమ్ బాయ్‌కు వెలుగు లేని, నాలుగు ఛాయల ఆకుపచ్చ తెర మాత్రమే ఉండేది. అయితే ఆ వెలుగే గేమ్ గేర్‌కు భారమైంది. దాని ఆరు డబుల్ ఏ బ్యాటరీలు మూడు నుంచి ఐదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగింటితోనే పది గంటలకు పైగా నడిచేది. వెంట తీసుకువెళ్లే పరికరానికి ఇది చిన్న తేడా కాదు. ధర తక్కువ కావడం, అమెరికాలో టెట్రిస్ ఆటను పరికరంతో పాటే ఇవ్వడం కూడా నింటెండోకు కలిసివచ్చాయి. చీకట్లో గేమ్ బాయ్ తెర కనిపించదన్న ఫిర్యాదు మాత్రం, నా దృష్టిలో, న్యాయమైనదే.