ఆదివారం చర్చిలో వాక్యం వింటే చాలదా, రోజూ బైబిల్ చదవాలా?

చాలదనే అంటాను. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయ అనే ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు బోధ విని ఊరుకోలేదు. అది నిజమో కాదో అని రోజూ లేఖనాలు తిరగేశారు.

హైదరాబాద్‌లో చాలా చర్చిల్లో డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు ఇస్తారు, ఒక్కో దాని మీద ఒక బైబిల్ వచనం ఉంటుంది. మీకు మేలైన భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 వస్తే ఎంత సంతోషమో! ఈ ఏడాది ఉద్యోగమో వీసానో ఖాయం అనుకుంటాం. కానీ ఆ మాట బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. అంతకు ముందు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. సొంతూరు వదిలి ఈ నగరానికి వచ్చిన మనకు నిజంగా కావలసిన మాట ఇదే. కార్డు మీద అది కనబడదు.

ఒక్క వచనం పట్టుకోవడం ప్రమాదం కూడా. మత్తయి 4లో యేసును శోధిస్తూ సాతాను సైతం, దూతలు కాపాడతారనే 91వ కీర్తన మాట ఎత్తి చెప్పాడు. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు. ముందే మనసులో ఉన్న వాక్యమే ఆ వేళకు అందింది.

బాగా టెన్షన్‌లో ఉంటే 88వ కీర్తన చదవండి, చివరిదాకా మొర పెట్టుకోవడమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మార్కు సువార్త మంచిది, 16 అధ్యాయాలే. మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట చేరేలోపు ఒక అధ్యాయం హాయిగా అవుతుంది. అర్థం కానివి రాసిపెట్టుకుని ఇంటి ప్రార్థన కూటంలో అడగండి.