రేల చెట్టు కింద నెల రోజులు

చి. బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి నాకు ఒకపక్క సంతోషంగా, ఇంకోపక్క కాస్త టెన్షన్‌గా ఉంది. ఈ సెలవుల్లో మీ కాలనీ పిల్లలకు చెట్లు, పిట్టలు, పురుగుల బొమ్మలు వేయడం నేర్పిస్తానన్నావు. నువ్వు అడిగినవాటికి ఫోనులో సరిగా జవాబు చెప్పలేకపోయాను. 22 ఏళ్లు వేసవి క్లాసులు నడిపిన సంగతులు రెండు ముక్కల్లో ఎలా తేలతాయి? అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పంపిన ప్లాను చూశాను. ఒక వారం జూపార్కు, ఒక వారం కేబీఆర్ పార్కు, తర్వాత అమీన్‌పూర్ చెరువు, ఆఖర్న కొండాపూర్ బొటానికల్ గార్డెన్. అన్నీ మంచి చోట్లే. కానీ ఇలా వద్దమ్మా. కొత్త చోటికి తీసుకెళ్తే పిల్లలు పరిగెత్తుతారు, పరిగెత్తాలి కూడా. పుస్తకం తెరిచేసరికి బస్సెక్కే టైమవుతుంది. ఇంటికొచ్చి, నెమలిని చూసిన పిల్లాడు కూడా క్యాలెండర్లో ఉన్న నెమలినే వేస్తాడు. నాకు ఇది అర్థం కావడానికి నాలుగైదేళ్లు పట్టింది. నీకు అంత పట్టకూడదని చెబుతున్నాను. నెలకు ఒక్క చెట్టు చాలు. మీ కాలనీ పార్కు గేటు పక్కన రేల చెట్టు ఉంది కదా, దాన్ని పట్టుకో.

వేసవిలో రేల అంత పని చేసే చెట్టు మన హైదరాబాద్‌లో తక్కువ. నువ్వు క్లాసులు మొదలుపెట్టే ఏప్రిల్ ఆఖరుకి ఆకు చాలావరకు రాలిపోయి ఉంటుంది. పోయినేడాది కాయలు నల్లటి గొట్టాల్లా ఇంకా వేలాడుతుంటాయి. ఒక్కోటి మూరెడు పొడవుంటుంది. వాటి పక్కనే కొత్త మొగ్గల గెలలు దిగుతాయి. గెల పైనుంచి కిందికి విచ్చుకుంటూ వస్తుంది, అందుకే పైన పువ్వులుంటే కొసన గుండ్రటి మొగ్గలుంటాయి. ఇది చెప్పకు. సోమవారం ఒక గెలకు దారం కట్టించి రోజూ దాన్నే వేయించు. శుక్రవారానికి ఐదు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని వాళ్లే కనిపెడతారు.

పువ్వొకటి చేతికిచ్చి ఎన్ని రేకులని అడిగితే ఐదని టక్కున చెబుతారు. కేసరాలు ఎన్ని అని అడుగు. ఒకళ్లు మూడంటారు, ఒకళ్లు ఏడంటారు. మొత్తం పది. మూడు పొడుగ్గా వంపు తిరిగి ఉంటాయి, నాలుగు పొట్టివి, ఇంకో మూడు మరీ చిన్నవి కాబట్టి లెక్కలో తప్పిపోతాయి. నువ్వు తీర్పు చెప్పకుండా భూతద్దం ఇవ్వు. ఆ పూట బొమ్మ వేయకపోయినా పర్వాలేదు. మర్నాడు వేసే బొమ్మలో ఆ పదీ ఉంటాయి.

మొదటి రోజు నేను ఎప్పుడూ కాకితో మొదలుపెట్టేదాన్ని. చూడకుండా కాకి బొమ్మ వేయమంటే అందరూ మొత్తం నల్లగా పూసేస్తారు. తర్వాత బయటికి తీసుకెళ్లి గోడ మీది కాకిని ఐదు నిమిషాలు ఊరికే చూడమనేదాన్ని, పెన్సిల్ ముట్టుకోకూడదు. ఒకసారి మూడో తరగతి పిల్లాడు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగి, ‘టీచర్, దీని మెడ బూడిద రంగు!’ అన్నాడు. ఏదో దొంగతనం పట్టుకున్నట్టు ఉంది వాడి గొంతు. పుట్టినప్పటినుంచి చూస్తున్న కాకిని వాడు ఆ రోజే చూశాడు. అలాంటి క్షణం ఒక్కొక్క పిల్లకూ ఒకసారి రావాలి. నీ క్లాసు దాని కోసమే అనుకో.

టైము సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు నీడలోకి వచ్చేయాలి. నా మూడో ఏడాది పద్దెనిమిది మంది పిల్లల్ని పదింటికి ఒక పార్కుకు తీసుకెళ్లాను. పదకొండు దాటగానే ఒక పాప కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లి, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం తాగించాక లేచింది గానీ, వాళ్లమ్మకు ఫోన్ చేసినప్పుడు నా చేతులు వణికాయి. తప్పు నాదే. మే నెలలో మన ఊళ్లో నలభై డిగ్రీలు దాటడం మామూలు. టోపీ, నీళ్ల సీసా లేని పిల్లను గేటు దాటనివ్వకు. పన్నెండు మందికి మించి తీసుకోకు. ఫీజు ఎంతన్నది నీ ఇష్టం.

సామాన్ల కోసం ఎక్కువ ఖర్చు పెట్టించకు. హెచ్‌బీ ఒకటి, టూబీ ఒకటి, ఈ రెండు పెన్సిళ్లూ, మామూలు కార్ట్రిడ్జ్ పేపర్ (డ్రాయింగ్ కాగితం) పుస్తకం చాలు. సిక్స్‌బీ లాంటి మెత్తటి పెన్సిళ్లు ఎండాకాలం వద్దు, చెమట చేతులకు అంటుకుని బొమ్మంతా మసి అవుతుంది. అరచేతి కింద ఒక చిత్తుకాగితం పెట్టుకోవడం అలవాటు చెయ్యి. రబ్బరు మొదటి రెండు వారాలు నీ దగ్గరే ఉంచుకో. తప్పు గీత ఉండనిచ్చి పక్కన సరైన గీత గీస్తే, తేడా ఎక్కడుందో పిల్లకు కనిపిస్తుంది. నీటి రంగులు మూడో వారంలో మొదలుపెట్టు. ఈ ఎండకు, పైగా ఫ్యాను కింద, రంగు పూసీ పూయకముందే ఆరిపోయి అంచులు గీతలు కడతాయి. ముందు కాగితం తడిపి, ఫ్యాను కట్టేసి, అరచేతంత బొమ్మే వేయించు. 300 జీఎస్‌ఎం మందపాటి కాగితం ఖరీదు కదా, అది ఆఖరి వారానికి ఉంచు. ఆకుపచ్చ ట్యూబు మాత్రం డబ్బాలోంచి తీసి దాచెయ్యి. పసుపూ నీలం కలిపి, చిటికెడు ఎరుపు వేసి తయారుచేసుకుంటేనే కానుగ చిగురు వేరు, మామిడి ఆకు వేరు అని తెలుస్తుంది.

ఎండెక్కాక ఇంట్లో ఏం చేయాలని అడిగావు. వంటింట్లోనే బోలెడుంది. కరివేపాకు రెబ్బ ఒకటి ఇచ్చి ‘ఇందులో ఆకులెన్ని?’ అని అడుగు. ఇరవై అంటారు. నిజానికి ఆ రెబ్బ మొత్తం ఒక్కటే ఆకు. కొమ్మకు రెబ్బ అతుక్కునే చోట బుల్లి మొగ్గ ఉంటుంది, విడి విడి చిన్నాకుల మొదట్లో ఉండదు. వేపకూ రేలకూ ఇదే లెక్క. ఇది తెలిసిన పిల్ల కొమ్మ వేసేటప్పుడు ఆకుల్ని ఇష్టమొచ్చినట్టు గుచ్చదు.

తాటికాయలు కూడా తెప్పించు. రోడ్డు పక్కన ముంజలు కొట్టే ఆయన్ని అడిగితే ఒక కాయ అడ్డంగా కోసి ఇస్తాడు. సాధారణంగా మూడు గదులు, మూడు ముంజలు. పైన నల్లటి తొక్క, లోపల తెల్లటి పీచు, మధ్యలో నీళ్లలాంటి ముంజ. పారదర్శకంగా ఉన్నదాన్ని పెన్సిల్‌తో చూపించడం ఎంత కష్టమో అంత సరదా. కోసిన చోట రంగు మారకముందే వేయాలి కాబట్టి చేతులు వేగంగా కదులుతాయి. వేశాక తినేయొచ్చు. నా పాత విద్యార్థులకు నేను గుర్తున్నానో లేదో గానీ, ఆ ముంజల క్లాసు మాత్రం అందరికీ గుర్తుంది.

పిట్టల దగ్గర పిల్లలు త్వరగా నీరసపడతారు, అవి ఒక్క చోట ఉండవని. ఒకే పేజీలో ఐదారు బొమ్మలు సగం సగం మొదలుపెట్టమను. గోరింక తల తిప్పితే ఇంకో బొమ్మకు వెళ్లాలి, మళ్లీ అలాగే నిలబడితే మొదటిదానికి రావాలి. పావురాలతో మొదలుపెడితే తేలిక, మన ఊళ్లో వాటికి కొదవా? కాలు దగ్గర అందరూ పొరబడతారు. పిట్టకు మోకాలు వెనక్కి వంగుతుందనుకుంటారు. అది మడమ. మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. ఒక్క ట్రిప్పైనా లేకపోతే పిల్లలు ఊరుకోరంటావా, అయితే బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది. అది ఎగిరిపోదు, ఎండా తగలదు. మోకాలేది, మడమేది అని వేలు పెట్టి చూపించొచ్చు.

ఫోనులో ఫొటో తీసుకుని వేస్తామంటారు. పిట్ట రెక్క మీద చార ఎటు ఉందో తర్వాత సరిచూసుకోవడానికైతే సరే. ఫొటో చూసి బొమ్మ వేయడం మాత్రం ఒప్పుకోకు. ఆకును తిప్పి వెనక ఈనెలు చూడొచ్చు, నలిపి వాసన చూడొచ్చు. ఫొటోతో అవేం కుదురుతాయి?

ప్రతి బొమ్మ కింద తేదీ, చోటు, టైము, తెలుగు పేరు, వేసినవాళ్ల పేరు రాయించు. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. కాకినాడ దగ్గర సామర్లకోటలో రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు ఉండేవాడు. మన కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా వచ్చింది, మొత్తం 300 బొమ్మలు. ఆ మొక్కలకు మనవాళ్లు పిలిచే తెలుగు పేర్లు కూడా అందులో రాశాడు. కానీ కూర్చుని ఒక్కో ఈనె, ఒక్కో కేసరం గీసిన ఇక్కడి చిత్రకారుల పేర్లు అందులో లేవు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మన పిల్లల బొమ్మ ఏదీ పేరు లేకుండా ఉండకూడదు.

ఇక తల్లిదండ్రులు. రెండో వారానికల్లా ఒకరు వచ్చి ‘మా పాప ఇంకా ఒక్క ఫుల్ డ్రాయింగ్ కూడా వేయలేదు, ఫ్రేమ్ కట్టించుకుందామంటే’ అంటారు. నువ్వు కంగారుపడి పిల్ల బొమ్మకు నీ చేత్తో మెరుగులు దిద్దకు. ఆ పని నేనూ ఒకసారి చేశాను. ఆ పిల్ల ఆ బొమ్మ ఇంటికి తీసుకెళ్లలేదు, బల్ల మీదే వదిలేసి వెళ్లింది. వాళ్లమ్మను పొద్దున్నే రమ్మని పాప పక్కన కూర్చోబెట్టు. తనకూ ఒక పెన్సిల్ ఇవ్వు.

నా దగ్గర పాత డ్రాయింగ్ బోర్డులు పద్నాలుగు ఉన్నాయి, రెండింటికి క్లిప్పులు పోయాయి. భూతద్దాలు ఐదు. ఆదివారం మీ నాన్నను స్కూటర్ మీద కాకుండా కారులో రమ్మను, అన్నీ సర్ది పంపుతాను. వచ్చేటప్పుడు ఆ రేల చెట్టుకు మొగ్గలు దిగాయో లేదో చూసి రమ్మని చెప్పు.

మీ అత్తయ్య
చిక్కడపల్లి