వడగాలి వీస్తే కాదు, గాలి ఆగిపోతే

ప్రశ్న: సముద్రాలకూ వడగాడ్పులొస్తాయని టీవీలో విన్నాను. మా ఊళ్లో వీచే వడగాలే అక్కడా వీచి నీళ్లను కాగబెడుతుందా? అంత నీరు నాలుగు రోజుల్లో ఎలా వేడెక్కుతుంది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: పేరే తికమక పెట్టింది. జరిగేది దాదాపు దానికి తలకిందులు. మీ ఇంట్లో తడిగుడ్డ చుట్టిన మట్టికుండను పొడి వడగాలి తగిలేచోట పెట్టండి, నీళ్లు చల్లబడతాయి. గాలాడని మూలన పెడితే చల్లబడవు. ఆవిరయ్యే నీరు వేడిని పట్టుకుపోతుంది మరి. సముద్రం మీద రోజుకు ఒక మిల్లీమీటరు నీరు ఆవిరైతే చదరపు మీటరుకు సుమారు 29 వాట్ల వేడి పోయినట్టే.

ఇప్పుడు అధిక పీడనం ఒకేచోట రోజుల తరబడి తిష్ఠ వేసిందనుకోండి. గాలి పైనుంచి కిందికి దిగుతుంది, మబ్బు పట్టదు, ఎండంతా నీళ్లలోకే. ఉపరితలం మీద గాలి మందగించి ఆవిరి తగ్గుతుంది. తేమగాలి వీచినా అంతే, ఉక్కపోత రోజున కుండనీళ్లు చల్లబడనట్టు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంకోటి: అడుగున ఉన్న చల్లటి నీటిని పైకి కలిపే గాలి లేదు. 'అంత నీరు' అన్నారు గానీ, కాగేది పైపొరే. చదరపు మీటరుకు 100 వాట్లు అదనంగా చేరితే 50 మీటర్ల పొర రోజుకు 0.04 డిగ్రీలే పెరుగుతుంది. గాలి పడిపోయి ఆ పొర 10 మీటర్లకు పలచబడితే 0.2 డిగ్రీలు, అంటే పది రోజుల్లో 2 డిగ్రీలు! 2023 జూన్‌లో బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో ఎండ, గాలి లేమి కలిసి కొన్నిచోట్ల మామూలు కన్నా 4 డిగ్రీలకు పైగా పెంచాయి.

అన్నీ గాలి పనే అనలేం. 2011లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరపు నీళ్లను కాగబెట్టిన వేడిలో ఎక్కువ భాగం లీవిన్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం మోసుకొచ్చిందే.

ప్రశ్న: ఉపగ్రహ సమాచారంలో నిన్న మధ్యాహ్నం బంగాళాఖాతం 2 డిగ్రీలు ఎక్కువ చూపింది. మెరైన్ హీట్‌వేవ్ (సముద్రపు వడగాడ్పు) అనొచ్చా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: తొందరపడకండి. గాలి లేని మధ్యాహ్నం నీటి పైచర్మం 2 డిగ్రీలు కాగి, రాత్రికి దిగిపోవడం మామూలే. రాత్రిపూట కొలతలు తీసుకోండి. 30 ఏళ్లలో అదే తేదీ చుట్టూ ఉన్న ఉష్ణోగ్రతలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. నూటికి తొంభై ఎక్కడ ముగుస్తాయో అదే గీత. వరసగా 5 రోజులు ఆ గీత దాటాలి. రెండు అలాంటి విడతల మధ్య ఒకటి రెండు రోజులు కిందికి దిగినా ఒకే ఘటనగా లెక్క. ఏడాది సగటుతో పోల్చారా, ప్రతి మే నెలా హీట్‌వేవే అవుతుంది! హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో మెరైన్ హీట్‌వేవ్ పటాలుంటాయి, మీ లెక్క వాటితో సరిచూసుకోండి.