సిస్టమ్ పైథాన్ జోలికి పోకుండా ప్రాజెక్టు నడుపుకోవడం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు కొత్త ప్రాజెక్టు మొదలుపెడుతున్నావని తెలిసింది. మొదటి ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయకముందే ఈ ఉత్తరం నీకు అందాలని రాస్తున్నాను.

లినక్స్‌తో పాటు వచ్చే పైథాన్ (ప్రోగ్రామింగ్ భాషను నడిపే సాఫ్ట్‌వేర్) ఆపరేటింగ్ సిస్టమ్ తన అవసరాల కోసం పెట్టుకున్నది. దాని పనిముట్లు కొన్ని ఆ పైథాన్ మీద, ఆ ప్యాకేజీల వెర్షన్ల మీద ఆధారపడి ఉంటాయి కనుక, సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌ను నడిపి ఒక లైబ్రరీని మార్చితే నీ ప్రోగ్రామ్ నడిచినా సిస్టమ్‌లో మరొకటి ఆగిపోవచ్చు. 2023లో వచ్చిన డెబియన్ 12 అనే లినక్స్‌లో పిప్ అలాంటి ఇన్‌స్టాల్‌ను నిరాకరించేది ఇందుకే. ఆ నిరాకరణను దాటించే ఆప్షన్ ఒకటి ఉంది, దాన్ని ఎవరు సూచించినా వాడవద్దు.

ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే దాని ప్యాకేజీలకు ప్రత్యేకమైన ఫోల్డర్, పెట్టుకో. అందుకు కావలసిన వెన్వ్ మాడ్యూల్ పైథాన్ 3.3 నుంచి ఉంది. అది తయారుచేసే ఫోల్డర్‌లో పైవెన్వ్.సీఎఫ్‌జీ అనే చిన్న ఫైలు ఉంటుంది. పైథాన్ మొదలవుతూనే దాన్ని చదివి, బయటి ప్యాకేజీలను ఆ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలు ఉండే సైట్-ప్యాకేజెస్‌లోనే వెతుకుతుంది. సిస్టమ్ ప్యాకేజీలను కలుపుకోవాలా వద్దా అన్న సెట్టింగు కూడా అందులోనే ఉంటుంది. అది ఫాల్స్‌గా ఉండటమే మేలు.

అయినా ఒక దారి తెరిచే ఉంటుంది, చాలామంది గమనించనిది అదే. షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైలులో ఎప్పుడో పెట్టిన పైథాన్‌పాత్ వేరియబుల్‌ను, అంటే పైథాన్ మాడ్యూళ్ల కోసం అదనంగా వెతకాల్సిన ఫోల్డర్ల జాబితాను, వెన్వ్ అడ్డుకోదు. అందులోని ఫోల్డర్లు వెతుకులాటలో సైట్-ప్యాకేజెస్ కంటే ముందు వస్తాయి కాబట్టి, నీవు ఇన్‌స్టాల్ చేసిన వెర్షన్ ఒకటి, నిజంగా ఇంపోర్ట్ అయ్యేది మరొకటి కావచ్చు. కోడ్ నీ దగ్గర నడిచి సర్వర్‌లో ఆగిపోతే మొదట ఇదే అనుమానించు. ఇంపోర్ట్ అయిన మాడ్యూల్ ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో ప్రింట్ చేసి చూస్తే అక్కడే తేలిపోతుంది.

పిప్‌ను నేరుగా పిలవకుండా, ఆ ఎన్విరాన్‌మెంట్‌లోని పైథాన్ ద్వారా మాడ్యూల్‌గా నడుపు. అప్పుడు ప్యాకేజీ ఎక్కడికి వెళ్తుందన్న సందేహం ఉండదు. ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేయడం అంటే షెల్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా అయిన పాత్‌ను సవరించే సౌకర్యం మాత్రమే. నిర్ణీత సమయాలకు పనులు నడిపే క్రాన్ వంటి చోట్ల ఆ పైథాన్ ఫైలు ఉన్న పూర్తి చిరునామా రాస్తే చాలు.

ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ను మరో చోటికి జరపవద్దు, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో చేర్చవద్దు. లోపలి స్క్రిప్టుల్లో పాత చిరునామా రాసి ఉంటుంది కనుక జరిపితే అవి పనిచేయవు. కావలసిన ప్యాకేజీలను వెర్షన్లతో సహా రాసిన రిక్వైర్‌మెంట్స్ ఫైలును భద్రపరిచి, అవసరమైనప్పుడు ఫోల్డర్‌ను తొలగించి మళ్లీ తయారుచేసుకో.